పొట్టి లీవర్ యాక్షన్ కార్బైన్‌కు పీప్ సైట్: కొలత, బిగింపు, జీరో

16 అంగుళాల బ్యారెల్ ఉన్న లీవర్ యాక్షన్ కార్బైన్ (ట్రిగర్ దగ్గరి లీవర్ ఆడిస్తే తూటా ఎక్కే పొట్టి రైఫిల్) చేతిలో తేలిగ్గా ఆడుతుంది, పొదల్లో ఎక్కడా తగులుకోదు. పేచీ అంతా గురి దగ్గరే. గురిచూసే భాగాలను సైట్లంటారు. ఫ్యాక్టరీ వెనక సైట్‌ను రిసీవర్‌కు (తుపాకీ యంత్రాంగం ఉండే పెట్టె) ముందు, బ్యారెల్ మీద పెడతారు. అక్కడినుంచి ముందరి పూసకు, అంటే ముందరి సైట్ కొసకు, సుమారు 12 అంగుళాలు మాత్రమే. ఆ దూరంలో సైట్ల అమరిక 10 థౌ (అంగుళంలో వెయ్యోవంతును వర్క్‌షాపుల్లో థౌ అనే అంటారు) తప్పితే 50 గజాల దగ్గర గుండు అంగుళంన్నర పక్కకు పోతుంది. వెనక సైట్‌ను రిసీవర్ చివరికి తెస్తే రెండు సైట్ల మధ్య దూరం 20 అంగుళాలవుతుంది. అదే 10 థౌ తప్పుకు అప్పుడు తేడా 0.9 అంగుళం. ఖర్చు పెట్టాల్సిన చోటు ఇదే.

రెండో సంగతి కన్ను. ఫ్యాక్టరీ నుంచి వచ్చే బక్‌హార్న్ సైట్‌కు కొమ్ముల్లాంటి రెండు చెవులుంటాయి. అవి లక్ష్యాన్ని సగం మింగేస్తాయి. నలభై దాటి చత్వారం వచ్చినవాళ్లకు వాటి మధ్య గాడి మసగ్గా, అంచు లేని మచ్చలా కనిపిస్తుంది. రిసీవర్ చివర బిగించే పీప్ సైట్‌లో గాడి ఉండదు, గుండ్రటి రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రాన్ని చూడనక్కర్లేదు, దానిలోంచి చూస్తే చాలు. కన్ను తనంతట తానే మధ్యకు వస్తుంది. చూపు నిలపాల్సింది ముందరి పూస మీద ఒక్కదాని మీదే.

ఇక్కడ ఉదాహరణకు తీసుకున్నది .357 మాగ్నమ్ మార్లిన్ 1894. దాని రిసీవర్ పైభాగం చదునుగా ఉంటుంది, ఖాళీ తూటా పక్కనుంచి బయటికి పడుతుంది. ఆధునిక మార్లిన్లలో పైన మర రంధ్రాలు తయారుగానే ఉంటాయి కాబట్టి డ్రిల్లింగ్ పని లేదు. 1982కు ముందటి వించెస్టర్ 94, రోసీ 92 అలా కావు. వాటిలో ఖాళీ తూటా పైకి ఎగురుతుంది, అందుకని బోల్ట్ (తూటాను లోపలికి తోసి మూసే ఉక్కు దిమ్మ) మీద అడ్డంగా ఏదీ నిలవకూడదు. 94కు ఎడమ గోడకు బిగించే రిసీవర్ పీప్ దొరుకుతుంది. చాలా 94ల ఎడమ గోడకు దానికి కావలసిన రంధ్రాలు ముందే ఉంటాయి. పాత 92కు ఆ రంధ్రాలు ఉండవు, కొత్తగా రంధ్రం వేయించాలంటే పని తెలిసిన గన్‌స్మిత్‌కే ఇవ్వండి. గట్టిపరచిన ఉక్కులో డ్రిల్ బిట్ జారితే పోయేది రిసీవరే.

బట్ (భుజానికి ఆనించే వెనక చెక్క) లేకుండా మరీ పొట్టిగా వచ్చే మేర్స్ లెగ్ రకం లీవర్ తుపాకీకి పీప్ పెట్టడం దండగ. చెయ్యి చాచి పట్టుకున్నప్పుడు కంటికి రెండడుగుల దూరంలో ఉన్న రంధ్రం సూదిబెజ్జంలా కనిపిస్తుంది. దానికి వెడల్పాటి యూ గాడి, పెద్ద తెల్ల పూస నయం. అమెరికాలో దాన్ని పిస్టల్‌గా అమ్ముతారు. ఫెడరల్ రిజిస్ట్రేషన్ లేకుండా బట్ తగిలిస్తే నేరం.

చట్టం ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకో మాట. అమెరికాలో ఎఫ్-1, హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కలిగి ఉండటం మామూలుగా నిషిద్ధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం వర్తించదు. ఇండియాలో 1959 ఆయుధాల చట్టం కింద మరమ్మతు పనికి కూడా లైసెన్సు కావాలి, అందుకని ఈ పని లైసెన్సున్న దుకాణంలోనే చేయించాలి.

సామాను

పీప్ సైట్, దానికి సరిపడే ఎత్తయిన ముందరి సైట్, పాత వెనక సైట్ తీశాక ఖాళీ అయిన గాడిని మూసే 3/8 అంగుళం ఫిల్లర్ ముక్క. పనిముట్లలో ఇత్తడి పంచ్, చిన్న సుత్తి, తోలు చుట్టిన వైస్, మర గాడికి సరిగ్గా కూర్చునే స్క్రూడ్రైవర్, థౌ చూపించే వెర్నియర్ కాలిపర్, ఒక పక్క పళ్లు లేని త్రికోణపు ఆకురాయి, నీలి లాక్‌టైట్ (మరలు వదులు కాకుండా పట్టే జిగురు), స్పిరిట్. మామూలు స్క్రూడ్రైవర్ కొన ఉలిలా వాలుగా ఉంటుంది. తిప్పగానే పైకి లేచి గాడి అంచును చెక్కేస్తుంది. అంచులు సమంగా ఉన్న గన్‌స్మిత్ బిట్లు కొనండి, ఖర్చు పెద్దగా కాదు.

ముందు ఖాళీ చేయడం

గొట్టం మేగజైన్‌లో తూటా మిగిలిపోవడం లీవర్ తుపాకీలకున్న పాత జబ్బు. లీవర్‌ను ఆఖరి తూటా బయటికొచ్చేదాకా ఆడించండి. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు ఆడించి, ఛాంబర్‌లో (తూటా పేలే గది) వేలు పెట్టి చూడండి, మేగజైన్ గొట్టంలో ఫాలోవర్ (తూటాలను తోసే ముక్క) కంటికి కనబడిందో లేదో చూసుకోండి. తూటాలు పక్క గదిలో ఉండాలి.

మార్లిన్‌లో లీవర్ ఇరుసు మర ఒక్కటి తీస్తే లీవర్ ఊడి వస్తుంది, బోల్ట్ వెనక్కి జారి బయటికి వస్తుంది. బోల్ట్ వచ్చేసిన వెంటనే లోపలి గోడకున్న ఎజెక్టర్ (ఖాళీ తూటాను బయటికి విసిరే ముక్క) కూడా రాలి పడుతుంది. కింద గుడ్డ పరుచుకోకపోతే దాన్ని టేబుల్ కింద వెతుక్కోవాలి. బోల్ట్ తీయడం వల్ల ఒక లాభముంది: వెనకనుంచి బ్యారెల్‌లోంచి చూసి 25 గజాల దూరంలోని లక్ష్యానికి సైట్లను సుమారుగా సరిపెట్టుకోవచ్చు.

పాత వెనక సైట్ తీయడం

డవ్‌టెయిల్ గాడిలో (అడుగు వెడల్పుగా, పైన ఇరుకుగా ఉండే అడ్డగాడి) ఉన్న సైట్‌ను వెనకనుంచి చూస్తూ ఎడమనుంచి కుడికి కొట్టి తీయాలి, కుడినుంచి ఎడమకు కొట్టి దింపాలి. అమెరికన్ తుపాకుల్లో ఇదే ఆనవాయితీ. వైస్‌లో పట్టించాల్సింది బ్యారెల్‌ను లేదా రిసీవర్‌ను. మేగజైన్ గొట్టాన్ని బిగిస్తే సొట్ట పడుతుంది, ఆ తర్వాత తూటాలు జారవు. ముందుగా సైట్ కింద ఎత్తు మార్చే మెట్ల పలకను లాగేస్తే సైట్ మీద ఒత్తిడి తగ్గుతుంది. పంచ్‌ను సైట్ మొదలు దగ్గర, గాడికి దగ్గరగా ఆనించి కొట్టండి. పైన కొడితే ఆకు వంగుతుంది. కదలకపోతే నూనె వేసి ఒక రాత్రి ఉంచండి. ఇత్తడి చారలు పడినా బెంగలేదు, రాగి తీసే సాల్వెంట్‌తో పోతాయి.

పీప్ బిగించడం

మార్లిన్‌కు పీప్ పలక రిసీవర్ వెనక చివరనున్న రెండు రంధ్రాల్లో కూర్చుంటుంది. ఈ రంధ్రాలు కొన్ని తుపాకుల్లో 6-48, కొన్నిటిలో 8-40 చుట్లతో ఉంటాయి (మొదటిది మర సైజు నంబరు, రెండోది అంగుళానికి చుట్లు). సైట్‌తో వచ్చిన మరను ముందుగా చేత్తో తిప్పి చూడండి. మూడు చుట్లు హాయిగా పోవాలి. పట్టేస్తే ఆపేయండి, అది వేరే చుట్టు.

మర పొడవు దగ్గర దెబ్బతినేవాళ్లు ఎక్కువ. అది లోపలికి పొడుచుకొస్తే బోల్ట్‌ను రాస్తుంది. అందుకే ఒక్కో మర బిగించాక లీవర్ ఆడించి చూడాలి. రెండూ బిగించాక చూస్తే ఏది తగిలిందో తెలియదు. ఎక్కువైతే మరకు ముందుగా ఒక నట్ ఎక్కించి, కొన ఆకురాయితో రాసి, నట్ వెనక్కి విప్పండి. అది దిగుతూ దిగుతూ చుట్లను శుభ్రం చేసిపోతుంది. అవతలిపక్క తెరిచి లేని రంధ్రంలో ఇంకో తంటా ఉంది. మర అడుక్కు తగిలి గట్టిగా బిగిసినట్టే ఉంటుంది, పలక మాత్రం కదులుతూనే ఉంటుంది. బిగించాక పలకను వేళ్లతో ఊపి చూడండి.

అన్నీ సరిపోయాక మరలు విప్పి, రంధ్రాలూ మరలూ స్పిరిట్‌తో తుడవండి. నూనె ఉన్నచోట లాక్‌టైట్ పట్టదు. ఒక్కో మరకు ఒక్క చుక్క చాలు, కారి బోల్ట్ దారిలోకి పోనివ్వద్దు. బిగింపు 15 అంగుళ పౌండ్ల ప్రాంతంలో ఉంటే సరి. సన్న మరలు ఇంకా ఎక్కువకు తెగుతాయి.

బక్‌హార్న్ పోయిన గాడిలో ఫిల్లర్ దింపండి. బిగుసుకుంటే ఫిల్లర్ అడుగును రాయాలి, బ్యారెల్ గాడిని ఎప్పుడూ ముట్టకూడదు. వేలితో మూడోవంతు నుంచి సగం దాకా పోయి, మిగతాది సుత్తి దెబ్బలకు దిగితే కొలత కుదిరినట్టు.

ముందరి సైట్ ఎత్తు లెక్క

పీప్ పెట్టాక అందరూ అడిగేది ఒకటే: గుండ్లు పైన పడుతున్నాయి, పీప్‌ను ఇంకా దించలేకపోతున్నాం, ఏం చేయాలి? పీప్ రంధ్రం పాత గాడి కంటే ఎత్తులో ఉంటుంది, ముందరి పూస మాత్రం పాత ఎత్తులోనే ఉండిపోయింది. పూస ఎత్తు పెంచాలి. ఎంత అన్నది అంచనాతో కొనకండి.

పీప్‌ను దాని కదలికలో కింది మూడోవంతు దగ్గర పెట్టి, పాత పూసతోనే 25 గజాల దగ్గర మూడు తూటాలు కాల్చండి. గుండ్ల మధ్యభాగం గురికి ఎంత పైన పడిందో అంగుళాల్లో కొలవండి. దాన్ని సైట్ల మధ్య దూరంతో గుణించి, లక్ష్యం దూరాన్ని అంగుళాల్లోకి మార్చి భాగించాలి. 6 అంగుళాలు పైన పడితే, 6 × 20 ÷ 900 = 0.133 అంగుళం. పాత సైట్ ఎత్తును గాడి అడుగునుంచి పూస కొసదాకా కాలిపర్‌తో కొలిచి దానికి ఈ 133 థౌ కలపండి. ఇంకో 20 థౌ ఎక్కువున్నదే కొనండి. ఎత్తుంటే రాసి తగ్గించుకోవచ్చు, పొట్టిదైతే మళ్లీ కొనాలి.

వెనకది తోడు, ముందుది ఎదురు అని గుర్తుపెట్టుకుంటే చాలు. వెనక సైట్‌ను ఎటు జరిపితే గుండు అటు పోతుంది, ముందరి సైట్‌ను ఎటు జరిపితే దానికి ఎదురు పోతుంది. పూసను రాస్తే గుండు పైకి లేస్తుంది.

ముందరి సైట్ మార్చేటప్పుడు మార్లిన్ ర్యాంప్ (ముందరి సైట్ కూర్చునే వాలు దిమ్మ) సంగతి మరవకండి. ర్యాంప్‌ను బ్యారెల్‌కు పట్టి ఉంచేవి రెండు చిన్న మరలే. సుత్తి దెబ్బ ఆ మరల మీద పడకుండా ర్యాంప్ పక్కన చెక్క ముక్క ఆనించి కొట్టండి.

పూస ఎంపికలో రుచులు వేరు. గుండ్రటి ఇత్తడి పూస అందంగా ఉంటుంది, ఎండలో మాత్రం మోసం చేస్తుంది. ఎడమనుంచి వెలుతురు పడితే పూస ఎడమ చెంప మెరుస్తుంది, కన్ను ఆ మెరుపునే మధ్య అనుకుంటుంది, గుండు కుడికి పోతుంది. ముఖం చదునుగా ఉన్న పోస్ట్ సైట్‌కు ఈ జబ్బు లేదు. ఇత్తడి పూసే ఉంచుకుంటే దాని ముఖాన్ని సన్న ఆకురాయితో రెండు మూడు రాపిళ్లలో చదును చేయండి. రంగు కావాలంటే నెయిల్ పాలిష్ బాగా పనిచేస్తుంది: రిమూవర్‌తో తుడిచి ముందు తెలుపు, ఆరాక మెరిసే నారింజ. తెలుపు లేకుండా వేస్తే నారింజ మందగిస్తుంది. పూస మరీ పెద్దదీ వద్దు. 1/16 అంగుళం పూస 50 గజాల దగ్గర నాలుగు అంగుళాలకు పైగా కప్పేస్తుంది.

పీప్ రంధ్రం విషయంలో కొత్తవాళ్లు చిన్నదే మేలనుకుంటారు. ఎండలో కాగితం మీద గుంపు కట్టడానికి 50 నుంచి 70 థౌ రంధ్రం మంచిదే. సాయంత్రం చెట్ల నీడలో దానిలోంచి ఏమీ కనిపించదు. వేటకు 125 థౌ, లేదా రంధ్రమున్న డిస్క్ విప్పేసి ఒట్టి వలయం.

జీరో చేయడం

జీరో అంటే ఎంచుకున్న దూరంలో గురిపెట్టిన చోటే గుండు పడేలా సైట్లను సవరించడం. ఏ తూటా వాడతారో ముందే తేల్చుకోండి. .357 తుపాకీలో .38 స్పెషల్ కూడా పేలుతుంది, కానీ రెండూ ఒకచోట పడవు. 158 గ్రెయిన్ల గుండుతో, దేన్ని దానికే 50 గజాలకు జీరో చేసినా, 100 గజాల దగ్గర .357 మూడు నాలుగు అంగుళాలు దిగితే .38 సుమారు పది దిగుతుంది.

తుపాకీ ముందు చెక్కను ఇసుక సంచి మీద ఆనించండి. బ్యారెల్‌నో మేగజైన్ గొట్టాన్నో ఆనిస్తే గుండ్లు పడే చోటు మారిపోతుంది. 25 గజాలతో మొదలుపెట్టి మూడు తూటాలకొకసారి సవరించి, 50 గజాల దగ్గర ముగించండి. బ్యారెల్ వేడెక్కితే కాసేపు ఆగండి. ముందు పక్కల సవరణ పూర్తి చేసుకుని తర్వాతే ఎత్తు చూడండి, పూసను రాయడం అన్నిటికన్నా ఆఖరు పని. ఒకసారికి రెండు మూడు రాపిళ్లే, మళ్లీ కాల్చి చూశాకే తర్వాతివి.

రంధ్రమున్న దండాన్ని తిప్పి ఎత్తు మార్చే పీప్‌కు అంగుళానికి 40 చుట్లుంటే ఒక పూర్తి చుట్టు 25 థౌ, అంటే 50 గజాల దగ్గర రెండుంపావు అంగుళాలు. అరచుట్టు కంటే సన్నగా సవరించలేని రకమైతే మిగతాది పూస ఎత్తుతోనే సరిచేయాలి. క్లిక్‌లున్న సైట్ కొన్నా అట్ట మీద రాసిన లెక్కను నమ్మకండి. అది పొడవు రైఫిల్‌కు వేసిందైతే మీ పొట్టి తుపాకీలో ఒక్కో క్లిక్‌కు గుండు ఇంకా ఎక్కువ జరుగుతుంది. పది క్లిక్‌లు తిప్పి, కాగితం మీద కొలిచి, మీ లెక్క మీరే రాసుకోండి.

జీరో కుదిరాక, సైట్ మొదలుకూ ర్యాంప్‌కూ కలిసేలా సూదిమొనతో సన్న గీత గీయండి, వెనక పలక మరల తలల మీదా ఒక్కో గీత. 20 తూటాలయ్యాక ఆ గీతలు చూడండి. విడిపోయి ఉంటే ఏ మర వదులైందో చూడగానే తెలుస్తుంది.