పల్లీసభలో మన మాట పుస్తకంలోకి ఎక్కాలంటే

ఒడిశాలో మా కాశీనగర్ వైపు, వంశధార గట్టు ఊళ్ళలో పల్లీసభని చాలామంది సంతకాల మీటింగనే అనుకుంటారు. వెళ్ళడం, గుమ్మం దగ్గరే రిజిస్టర్లో సంతకమో వేలిముద్రో పెట్టడం, వచ్చేయడం. ఒడిశా చట్టం ప్రకారం ఏటా ఫిబ్రవరిలో జరగాల్సిన ఊరి ఓటర్ల సభ ఇది. అందరూ సమానమేనని జనవరి 26న మైకులో వింటాం కదా, అందులో నిజమెంతో ఆ రిజిస్టరు దగ్గర తేలిపోతుంది.

ముందు సంతకం సంగతి. ఓ ఏడాది నేనే ఖాళీ పేజీ కింద సంతకం గీకేసి వచ్చాను. తర్వాత చూస్తే మేం గొంతు పోయేలా అడిగిన బోరు అందులో లేదు, ఎవరూ అడగని సిమెంటు రోడ్డు ఉంది, అది ఎవరి గుమ్మం ముందుకి వెళ్తుందో చెప్పక్కర్లేదు. అప్పట్నుంచీ మా పద్ధతి ఒకటే: హాజరు సంతకం వేరు, తీర్మానం సంతకం వేరు. పేజీ పైన తేదీ, హాజరు అని రాశాకే మొదటిది. తీర్మానాలన్నీ రాసి, ఆఖరి వాక్యం కింద అడ్డగీత కొట్టాకే రెండోది. ఆ పేజీని అక్కడికక్కడే ఫోన్లో ఫొటో తీయండి. కోపంగా చూస్తారు, చూడనివ్వండి.

రెండోది భాష. రాసేది ఒడియాలో, మాట్లాడేది సగం తెలుగులో, కొండ మీంచి దిగినవాళ్ళు సవరలో. రాసింది గట్టిగా చదివి, తెలుగులోనూ సవరలోనూ చెప్పమని అడగండి. టైము లేదంటే ఒడియా మీడియంలో పదో తరగతి చదివే మనమ్మాయే చదువుతుంది, ముందే చెప్పి ఉంచండి. గిడుగు రామమూర్తి గారు మన పర్లాకిమిడిలోనే ఉండి సవర నేర్చుకున్నారు, జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని పోరాడారు. ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండేసి, మర్నాడు సవర అవ్వ మాట్లాడుతుంటే నవ్వేది కూడా మనమే.

కుర్చీల గొడవ చిన్నదే గానీ తెలివిగా చేయాలి. పెద్దవాళ్ళకి ప్లాస్టిక్ కుర్చీలు, మిగతావాళ్ళకి నేల, ఆడవాళ్ళు ఎక్కడో గోడ వెనకాల. నిలదీస్తే సభ కుర్చీల మీదే అయిపోతుంది. అరగంట ముందే వెళ్ళి టార్పాలిన్ పరిచేసి, కుర్చీలు ముసలివాళ్ళకి వదిలేయండి, అంతే. ఒడిశాలో 2011లో పంచాయతీ సీట్లలో సగం ఆడవాళ్ళకిచ్చారు, మైకు మాత్రం ఇంకా మొగుళ్ళ చేతిలోనే ఉంది. మా వార్డులో ఒకామె మెంబరమ్మ మొగుడితో నవ్వుతూనే అనేసింది: "బావూ, నేనడిగింది మెంబరమ్మని. నువ్వు కాసేపు కూకో." ఆయన కూర్చున్నాడు కూడా.

కూలి మాట ఎత్తాలంటే వరి కోతల ముందే ఎత్తండి, కోతలు మొదలయ్యాక ఎవరూ వినరు. ఊడ్పుల్లో మగాళ్ళు నారు కట్టలు మోస్తారు, ఆ పని వేరంటారు. కోతలో అలా కాదు, ఇద్దరూ పక్కపక్క సాలే కోస్తారు, ఆమెకి మాత్రం తక్కువ. ఒకే పనికి ఒకే కూలి అని 1976 చట్టం చెప్పింది, 2019 వేతనాల కోడ్ కూడా అదే చెప్తోంది. జరిమానా వేసే అధికారం సభకి లేదు, నిజమే. కానీ నలుగురిలో పేరు పెట్టకుండా రేటు చదివితే రైతులు తల దించుకోవడం నేను చూశాను.

పల్లీసభ తీర్మానానికి విలువేముందిలే అంటారు కొందరు. 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత నియమగిరి కొండల మీద బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) తవ్వొచ్చా అని రాయగడ, కలహండి జిల్లాల్లో 12 పల్లీసభల్ని అడిగారు, జడ్జి ఎదురుగా కూర్చుంటే 12 చోట్లా ఆ కొండల మీదుండే డొంగరియా కొంధు గిరిజనులూ పక్క ఊళ్ళవాళ్ళూ వద్దన్నారు. తవ్వకం ఆగింది.

సభయ్యాక తీర్మానం నకలు అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం (ఆర్‌టీఐ) కింద అర్జీ పెట్టాలి. ఒడిశాలో దానికి 'ఫారం-ఏ' (Form A) ఉంటుంది, గుర్తింపు కార్డు జిరాక్స్ జత చేయాలి, పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు. ఫొటో తీసుకున్నవాళ్ళకి ఈ తిరుగుడేమీ ఉండదు.