ఊరి హైస్కూల్లో డ్రాయింగు పీరియడు నిజంగా జరగాలంటే: ప్రభుత్వాన్ని ఏం అడగాలి, ఎప్పుడు అడగాలి

మన జిల్లా పరిషత్ హైస్కూళ్లలో కళావిద్య చాలాచోట్ల ప్రోగ్రెస్ కార్డులో మాత్రమే కనిపిస్తుంది. నేర్పే మనిషి ఉండరు, గ్రేడు మాత్రం పడుతుంది. టైం టేబుల్లో ఆ పీరియడు ఉన్నా లెక్కల సిలబస్ పూర్తి చేయడానికి పోతుంది. దీన్ని మార్చాలని తల్లిదండ్రులు అడిగినప్పుడు "పిల్లలకు కళలు మంచివి" అని అర్జీ పెడితే ఆ కాగితం ఫైల్లోనే ఉండిపోతుంది. చట్టంలో ఉన్న మాట, బడిలో ఉన్న సంఖ్య, ప్రణాళిక తయారయ్యే నెల, ఈ మూడూ కలిస్తేనే అర్జీ కదులుతుంది.

చట్టం నుంచి మొదలుపెడదాం. 2009 నాటి విద్యాహక్కు చట్టానికి చివర ఒక షెడ్యూలు ఉంది. 6 నుంచి 8 తరగతుల్లో పిల్లలు 100 మంది దాటితే కళావిద్యకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు, పని విద్యకు పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్లు ఉండాలని అందులో రాసి ఉంది. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. హైస్కూలు మొత్తం సంఖ్య రాసి పంపుతారు. లెక్కలోకి వచ్చేది 6, 7, 8 తరగతుల పిల్లలే. అది 98 అయితే ఈ దారి మూసుకుపోయినట్టే, 101 అయితే అడిగే హక్కు ఉంది. కాబట్టి ముందు హాజరు పట్టీ చూసి ఆ మూడు తరగతుల సంఖ్య రాసుకోండి. తర్వాత హెచ్ఎం గారిని అడిగి, బడుల వివరాలు ఎక్కించే ప్రభుత్వ డేటాబేసు యూడైస్‌లో అదే సంఖ్య ఎక్కిందో లేదో చూడండి. జిల్లాలో ప్రణాళిక వేసేవాళ్లు చూసేది యూడైస్‌నే. అందులో తక్కువ పడితే మీ అర్జీ అక్కడే ఆగిపోతుంది.

రెండో తికమక ఎవరిని అడగాలన్నది. రెగ్యులర్ డ్రాయింగు మాస్టారి పోస్టు రాష్ట్ర ప్రభుత్వం మంజూరు చేసేది, ఆ ఫైలు జిల్లా విద్యాశాఖాధికారి (డీఈఓ) కార్యాలయం మీదుగా నడుస్తుంది. పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టరు, అంటే పీటీఐ, కేంద్రం, రాష్ట్రం కలిసి డబ్బు పెట్టే సమగ్ర శిక్ష పథకం కింద వస్తారు. ఆ ఖర్చులో కేంద్రం వాటా 60, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రాష్ట్ర ప్రభుత్వం వాటా 40 శాతం. రెండింటినీ ఒకే అర్జీలో కలిపితే ఇది మాది కాదని ఒకరు, మాది కాదని ఇంకొకరు తిప్పి పంపుతారు. రెండు కాగితాలు విడివిడిగా పెట్టండి.

అర్జీకి బలం పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానం. కమిటీ సభ్యుల్లో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలని, పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం కమిటీ పనేనని చట్టం చెబుతోంది. తీర్మానం ఇలా పొట్టిగా ఉంటే చాలు:

"మా పాఠశాలలో 6, 7, 8 తరగతుల్లో కలిపి 134 మంది పిల్లలు ఉన్నారు. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం కళావిద్యకు పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టరు ఉండాలి. ప్రస్తుతం లేరు. రాబోయే ఆర్థిక సంవత్సరం సమగ్ర శిక్ష వార్షిక ప్రణాళికలో ఈ పోస్టు చేర్చాలని కమిటీ తీర్మానించింది."

కింద తేదీ, సభ్యుల సంతకాలు, యూడైస్ కోడు. మినిట్స్ పుస్తకంలో రాసి, నకలు మండల విద్యాశాఖాధికారి (ఎంఈఓ)కి, జిల్లా సమగ్ర శిక్ష కార్యాలయానికి ఇచ్చి, మీ కాపీ మీద రసీదు ముద్ర వేయించుకోండి. ముద్ర లేని కాగితం ఇచ్చినా ఇవ్వనట్టే. ఇదంతా డిసెంబరులోపు అయిపోవాలి. ఏప్రిల్‌తో మొదలయ్యే ఏడాదికి ప్రణాళిక చలికాలంలోనే తయారై ఢిల్లీకి వెళ్తుంది. జూన్‌లో బడి తెరిచాక అడిగితే ఆ ఏడాది డబ్బు అప్పటికే పంచేసి ఉంటారు.

జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రాల్లో రుసుము మండల కార్యాలయానికి 5 రూపాయలు, జిల్లా కార్యాలయానికి 10. "మాకు మాస్టారిని ఎందుకు ఇవ్వలేదు" అని అడగకండి. ఆ చట్టం కింద దొరికేది రికార్డు, సంజాయిషీ కాదు. జిల్లాలో కళావిద్య పీటీఐ పోస్టులు ఎన్ని మంజూరయ్యాయి, ఎన్ని భర్తీ అయ్యాయి, ఫలానా తేదీన మేమిచ్చిన అర్జీ మీద ఫైల్లో రాసిన నోట్ల నకళ్లు కావాలి, అని అడగండి. 30 రోజుల్లో రాకపోతే మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఇది కాక విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు ఫిర్యాదు చేయొచ్చు. వాళ్లు మూడు నెలల్లో తేల్చాలి. తేల్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు వెళ్లొచ్చు.

మాస్టారు వచ్చారనుకోండి. వారానికి ఒక్క 45 నిమిషాల పీరియడు పెడితే ఏమీ జరగదు. రంగులు పంచడానికి పది నిమిషాలు, కడిగి సర్దడానికి పది పోతాయి. అందుకే రెండు వారాలకోసారి వరసగా రెండు పీరియడ్లు అడగండి. మధ్యాహ్న భోజనం తర్వాతవైతే నేల మీద పరిచిన కాగితాలు తీయాల్సిన తొందర ఉండదు.

సామాను లెక్క కూడా ముందే వేసుకోవాలి. 22 × 30 అంగుళాల డ్రాయింగు షీటును నాలుగు ముక్కలు చేస్తే 134 మందికి ఒక్కసారికి 34 షీట్లు. ఏడాదిలో పదిహేను క్లాసులు జరిగితే, అందులో ఏడు బంకమట్టికీ కాగితం కత్తిరింపులకూ వదిలి, ఎనిమిదింటికి 272 షీట్లు పడతాయి. 280 కొనండి. పన్నెండు రంగుల డబ్బాలు వద్దు. ఎరుపు, పసుపు, నీలం, నలుపు, తెలుపు పోస్టర్ రంగులు పెద్ద సీసాల్లో తీసుకుంటే మిగతా రంగులు పిల్లలే కలుపుకుంటారు, అసలు నేర్చుకునేది అక్కడే. తెలుపు అన్నిటికన్నా ముందు అయిపోతుంది, రెట్టింపు తీసుకోండి. ఒక సెక్షన్లో 45 మంది ఉంటే 50 కుంచెలు చాలు, మూడు సెక్షన్లూ వంతులవారీగా వాడుకోవచ్చు. కుంచెను నీళ్లలో నిలబెట్టి వదిలేస్తే నెలలోపే కొస వంగిపోతుంది. కడిగి, వేళ్లతో కొస సరిచేసి, పడుకోబెట్టి ఆరబెట్టడం మొదటి క్లాసులోనే నేర్పాలి. నీళ్లకు కొబ్బరి చిప్పలు సరిపోతాయి.

డబ్బు, బడి ఖర్చులకు సమగ్ర శిక్ష ఏటా ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు నుంచి రావాలి. బడిలో మొత్తం పిల్లలు 101 నుంచి 250 మంది ఉంటే అది ఏడాదికి 50,000 రూపాయలు. అందులో పది శాతం పరిశుభ్రతకు తప్పనిసరి, మిగిలిన దాంట్లోంచే రిపేర్లు, కరెంటు బిల్లు, సుద్దముక్కలు. కాబట్టి సగం అడిగితే ఎవరూ ఒప్పుకోరు. 5,000 అని తీర్మానంలో అంకె వేసి అడగండి, వస్తుంది. గ్రాంటు ఆలస్యమైతే ఆ నెల మట్టితో నడపండి. కుమ్మరి దగ్గర తెచ్చిన నానిన మట్టి పిల్లవాడికి పిడికెడు చాలు. రాళ్లు ఏరకుండా పిసికితే ఆరాక బీటలు వారుతుంది.

పెడన, శ్రీకాళహస్తి, ఏటికొప్పాక, చేర్యాల లాంటి చేతిపనుల ఊళ్ల చుట్టుపక్కల బడులకు ఇంకో దారి కూడా ఉంది. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా స్థానిక వృత్తులవాళ్ల దగ్గర పని నేర్చుకునే ఏర్పాటు చెప్పింది. ఆ పది రోజుల్లో కలంకారీ పనివారినో లక్క బొమ్మల పనివారినో బడికి పిలిపించండి. వచ్చినవాళ్లకు రోజుకూలీ ఎంతో ముందే తీర్మానంలో రాయండి. రాయకపోతే ఆ కళాకారుడు ఒక రోజు పని మానుకుని వచ్చి, శాలువా కప్పించుకుని ఖాళీ చేతులతో వెళ్తారు. మళ్లీ ఏడాది పిలిస్తే రారు.