దసరా సెలవులు, తుఫానులు రాకముందే వకీలు ఆఫీసులో చేసుకోవాల్సిన జాగ్రత్తలు

మన పర్లాకిమిడి, బరంపురం, గుణుపూర్, రాయగడ వైపు ప్రాక్టీసు చేసే తెలుగు లాయర్లకి ఏడాదిలో డేంజర్ నెల అంటే అక్టోబరే. పూజా సెలవులూ అప్పుడే, తుఫానులూ అప్పుడే. 2013లో ఫైలిన్ అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018లో తిత్లీ అక్టోబర్ 11న పలాస వైపు దాటి మన గజపతి కొండల్లో ఎంత పని చేసిందో అందరికీ తెలుసు, రెండూ నవరాత్రుల్లోనే. కరెంటు ఉండదు, నెట్ ఉండదు, రోడ్డు ఉండదు, లిమిటేషన్ (కేసు వెయ్యడానికి చట్టం పెట్టిన గడువు) మాత్రం నడుస్తూనే ఉంటుంది. వాదన రాక మునిగిపోయిన లాయర్లని నేను పెద్దగా చూళ్ళేదు గానీ డైరీ సరిగా లేక, పార్టీ (క్లయింటు) డబ్బుకి లెక్క లేక, ఒళ్ళు చూసుకోక మునిగిపోయినవాళ్ళు ప్రతి బార్‌లోనూ ఉన్నారు. సెప్టెంబర్ రెండో వారంలో కూర్చుని ఈ పన్లు చేసుకుంటే సరిపోతుంది.

ముందు డైరీ. అక్టోబర్, నవంబర్‌లో గడువు తీరే ప్రతి కేసూ ఒక కాగితం మీద వేరేగా రాసుకోండి, వాయిదా తేదీలు కాదు, గడువు తేదీలు. ఆ కాగితం కాపీ ఒకటి నమ్మకమైన తోటి లాయరు దగ్గర ఉంచండి, కేసు నంబరు, తేదీ చాలు, పార్టీ కథంతా అందులో రాయక్కర్లేదు. జూనియర్లు చాలామంది "సెలవుల్లో పడింది కదన్నా, రీఓపెనింగ్ రోజు వేసేద్దాం" అంటారు, లిమిటేషన్ యాక్ట్ సెక్షన్ 4 ఆ మాట అంటుంది నిజమే, కోర్టు మూసున్న రోజున గడువు తీరితే తెరిచిన రోజు వెయ్యొచ్చు, కానీ అది కోర్టులో వెయ్యాల్సిన కాగితాలకే. చెక్ బౌన్స్ నోటీసు పంపేది కోర్టుకి కాదు కదా, చెక్కిచ్చినవాడికి. బ్యాంకు నుంచి కబురు అందాక 30 రోజుల్లో అది వెళ్ళిపోవాలి, దసరా అన్నా తుఫాను అన్నా ఆగదు. తరవాత కోర్టులో వేసే కంప్లైంటు ఆలస్యమైతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్ సెక్షన్ 142 కింద కారణం చెప్పుకుని బయటపడొచ్చు, నోటీసు ఆలస్యమైతే ఆ దారి లేదు, చెక్కుకి 3 నెలల వాలిడిటీ ఇంకా మిగిలుంటే మళ్ళీ బ్యాంకులో వేయించి కొత్తగా మొదలెట్టడం ఒక్కటే.

ఇంకోటి, దీన్ని సీనియర్లు కూడా తేలిగ్గా తీసుకుంటారు. లిమిటేషన్ యాక్ట్ సెక్షన్ 5 కింద ఆలస్యాన్ని మన్నించమని అడగడం అప్పీళ్ళకీ పిటిషన్లకీ పనికొస్తుంది గానీ దావాకి పనికిరాదు. ప్రోనోటు మూడేళ్ళు అక్టోబర్ 10న తీరిపోతోంది, ఆ రోజు కోర్టు తెరిచే ఉంది, మీరు మాత్రం చెట్లు పడి కాశీనగర్ రోడ్డులో ఇరుక్కుపోయారు, అంతే, దావా పోయినట్టే. అందుకని దావాలన్నీ సెలవులకి ముందే పడిపోవాలి, కోర్టు ఫీజు తరవాత తెస్తానని పార్టీ సాగదీస్తుంటే గడువు ఫలానా రోజుతో పోతుందని రాతపూర్వకంగా మెసేజ్ పెట్టి ఉంచండి. జిల్లా కోర్టుకి అప్పీలు 30 రోజులు, సర్టిఫైడ్ కాపీకి పట్టిన టైమ్ మినహాయిస్తారు గానీ అప్లై చెయ్యకుండా కూర్చున్న రోజులు మినహాయించరు, కాబట్టి తీర్పు వచ్చిన రోజే కాపీ అప్లికేషన్ పెట్టేయండి. కేవియట్లు (మన మాట వినకుండా ఆర్డర్ ఇవ్వొద్దని ముందే కోర్టులో పెట్టే అర్జీలు) 90 రోజులే ఉంటాయి, జులైలో వేసినవి ఒకసారి చూసుకోండి.

బోర్డరు తలనొప్పి సరేసరి. ఆఫీసు ఒడిశా పర్లాకిమిడిలో, కేసు ఆంధ్రా పాతపట్నంలో. అడ్వొకేట్స్ యాక్ట్ సెక్షన్ 30 అమల్లోకొచ్చిన 2011 జూన్ నుంచి ఎక్కడ ఎన్‌రోల్ అయినా దేశంలో ఎక్కడైనా నిలబడొచ్చు కాబట్టి అటూ ఇటూ చేస్తాం, బాగానే ఉంది, కానీ సెలవుల క్యాలెండర్ మాత్రం ఒకటి కాదు. ఒడిశాలో కుమార పూర్ణిమ, కార్తీక పూర్ణిమ సెలవులని ఇక్కడ ఇంట్లో కూర్చుంటే అటుపక్క కోర్టు నడుస్తూ ఉంటుంది, పార్టీ ఎక్స్‌పార్టీ అయిపోతాడు, అంటే అతను లేకుండానే కేసు నడిచిపోతుంది. రెండు హైకోర్టుల సెలవుల లిస్టులూ ప్రింట్ తీసి గోడకి అంటించండి, ప్రతి కేసుకీ ఉన్న 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఫైలు అట్ట మీద రాసుకోండి, ఈకోర్ట్స్ యాప్‌లో రెండు రాష్ట్రాలవీ కనపడతాయి.

గంజాయి కేసులు చేసేవాళ్ళకి వేరే చెప్పాలి. రిమాండు రోజుల లెక్కకి పండగ లేదు. ఛార్జిషీటు వెయ్యడానికి పోలీసులకి మామూలు కేసుల్లో బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 187 కింద 60 లేదా 90 రోజులు, గంజాయి 20 కిలోలు దాటి కమర్షియల్ క్వాంటిటీ అయితే 180 రోజులు, పైగా పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) రిపోర్టు పెట్టి ఏడాది దాకా పొడిగింపు అడగొచ్చు. గడువు తీరిన వెంటనే, ఛార్జిషీటు పడకముందే మన అర్జీ పడాలి, ఒక్క రోజు ఆలస్యమై ఈలోగా ఛార్జిషీటు పడితే డిఫాల్ట్ బెయిలు (గడువులో ఛార్జిషీటు పడనందుకు హక్కుగా దొరికేది) చేజారినట్టే, సెలవుల్లో డ్యూటీ మేజిస్ట్రేటు ఎవరో ముందే కనుక్కోండి. ఇక అసలు సంగతి, ఫీజు ఎవరిస్తున్నారు అన్నది. లోపలున్నది మూట మోసిన గిరిజన కుర్రాడు, డబ్బు తెచ్చేది ఎక్కడో ఉన్న సరుకు ఓనరు మనిషి, వాడికి కావలసింది కుర్రాడి బెయిలు కాదు, కుర్రాడు నోరు విప్పకపోవడం. బార్ కౌన్సిల్ రూల్స్‌లో క్లియర్‌గా ఉంది, క్లయింటు లేదా అతను అధికారం ఇచ్చిన మనిషి మాట మీదే నడవాలి తప్ప ఇంకెవడి మాట మీదా కాదు. జైలుకెళ్ళి ఆ కుర్రాడితో ఒంటరిగా, వాడికొచ్చే భాషలో మాట్లాడి వకాలత్ మీద వేలిముద్ర వేయించుకోండి. ఫీజిచ్చేవాడు "అన్నీ నాతోనే మాట్లాడండి" అంటే ఆ కేసు వదిలెయ్యడమే మంచిది, ఎంతిచ్చినా సరే.

డబ్బు గురించి పొడుగ్గా చెప్పను. పండగ ముందు చేతులు ఖాళీగా ఉంటాయి, కోర్టు ఫీజుకని పార్టీ ఇచ్చిన డబ్బు మన బట్టల కొట్టుకి వెళ్ళిపోవడం అప్పుడే మొదలవుతుంది. పార్టీ డబ్బుకి వేరే అకౌంటు, వేరే ఫోన్‌పే పెట్టుకోండి, తీసుకున్న ప్రతి రూపాయికీ ఫీజా ఖర్చా అని రాసి రసీదు ఇవ్వండి. గెలిస్తే ఇంత వాటా అనే ఒప్పందం కుదరదు, కేసు ఖర్చుకి పార్టీకి మనం అప్పివ్వడమూ కుదరదు. ఫీజు బాకీ ఉందని కేసు కట్ట ఆపేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, అలా పట్టుకునే హక్కు లాయరుకి లేదని సుప్రీంకోర్టు 2000లోనే ఆర్.డి. సక్సేనా కేసులో చెప్పేసింది.

ఫైళ్ళ దగ్గరికొస్తే, మన దగ్గర ఇంకా 1936లో ఒడిశా ఏర్పడక ముందు, అంటే మద్రాసు ప్రెసిడెన్సీ నాటి తెలుగు దస్తావేజులు తిరుగుతూ ఉంటాయి. 30 ఏళ్ళు దాటిన కాగితం సరైన చోటి నుంచి వస్తే నిజమైనదేనని కోర్టు భావించే వీలు పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో 90, కొత్త సాక్ష్య అధినియంలో 92 కింద ఉంది, ఆ ఒరిజినల్ వరద నీళ్ళలో నానిపోతే ఇక పోయిందని నిరూపించి, సెకండరీ ఎవిడెన్సుకి (ఒరిజినల్ బదులు కాపీల్లాంటి సాక్ష్యానికి) దిగి, నానా యాతన. అందుకే ఒరిజినల్స్ మన దగ్గర ఉంచుకోవద్దు, స్కాన్ తీసి, ఒడియా అనువాదం చేయించి, సంతకం తీసుకుని పార్టీకి ఇచ్చేయండి. కోర్టులో దాఖలు చెయ్యాల్సినవి ఇప్పుడే దాఖలు చెయ్యండి. మిగతా కట్టలు కింది అరలోంచి పైకి, పాలిథిన్‌లో చుట్టి, గోడకి ఆనకుండా. గుమాస్తా ఫోన్‌లో పార్టీల కాగితాలు ఫొటోలుగా పేరుకుపోయి ఉంటాయి, అవి ఆఫీసు డ్రైవ్‌లోకి ఎక్కించి అక్కడ తీసేయించండి, పార్టీ రహస్యం కాపాడే బాధ్యత గుమాస్తాకీ ఉంది గానీ జవాబు చెప్పుకోవాల్సింది మనమే.

తుఫాను వెళ్ళాక రెండు రకాల పన్లు వస్తాయి. ఒకటి పరిహారం, ఇన్సూరెన్సు. షెల్టర్లకెళ్ళి కార్డులు పంచకండి, బ్రోకర్లని పెట్టకండి, కేసులు అడుక్కోకూడదని బార్ కౌన్సిల్ రూల్ 36. అక్కడికి వెళ్ళాలనుంటే లీగల్ సర్వీసెస్ అథారిటీ తరఫున వెళ్ళండి, ఉచిత న్యాయ సహాయం 15100 నంబరు ఇవ్వండి. రెండోది భూమి. ఇల్లు కూలిన గిరిజనుడు అవసరానికి పొలం అమ్ముకుంటాడు, కొనేవాడు మన దగ్గరికొచ్చి "రిజిస్ట్రేషన్ అవదు గానీ ఒక అగ్రిమెంటో జీపీఏనో (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాసిపెట్టండి సార్" అంటాడు. రాయగడ, కోరాపుట్, మన గుమ్మ, ఆర్. ఉదయగిరి, ఇవన్నీ షెడ్యూల్డ్ ఏరియా, 1956 రెగ్యులేషన్ 2 కింద అక్కడ గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి మారడం చెల్లదు, బోర్డరు దాటితే ఆంధ్రాలో అదే పని చేసే 1 ఆఫ్ 70 (1970 నాటి రెగ్యులేషన్ 1). ఆ కాగితం రాస్తే కొన్నవాడు మోసపోతాడు, అమ్మినవాడు మోసపోతాడు, రాసిన చెయ్యి మనది.

చివరికి ఒళ్ళు. బీపీ, సుగర్ మాత్రలు రెండు వారాలకి సరిపడా కొని పెట్టుకోండి, మందుల షాపులు ఎప్పుడు తెరుస్తాయో చెప్పలేం. వాతావరణ హెచ్చరిక ఉన్నప్పుడు రాత్రి కారేసుకుని కటక్ బయల్దేరొద్దు, ఈ-ఫైలింగ్ ఉంది, వీడియో హియరింగ్ అడగండి. సెలవులయ్యాక కోర్టులు తెరిస్తే ఒకేసారి నలభై వాయిదాలు మీద పడతాయి, అన్నీ నేనే చూస్తానని రాత్రి రెండింటి దాకా కూర్చుని పొద్దున తప్పుడు సైటేషన్ చదివేవాళ్ళు ఉన్నారు, ఇప్పుడైతే ఏఐ ఇచ్చిన జడ్జిమెంట్లు ఉన్నాయో లేవో కూడా చూడకుండా పెట్టేస్తున్నారు, 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లకి ఈ పనికే 5,000 డాలర్ల జరిమానా పడింది. బార్ రూములో ఎవరైనా పొద్దున్నే మందు వాసనతో వస్తుంటే నవ్వుకోకండి, పక్కకి పిలిచి మాట్లాడండి, అతని వాయిదాలు ఒకట్రెండు మీరు చూసిపెట్టండి, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 కి ఫోన్ చేస్తే తెలుగులో కూడా మాట్లాడతారు.