చందాదారులు పెరుగుతున్నా నష్టం తీరని పాటల యాప్: సమస్యలు, పరిష్కారాలు

ముందుగా 119 రూపాయల లెక్క చూద్దాం. స్పాటిఫై 2019 ఫిబ్రవరిలో భారతదేశానికి వచ్చినప్పుడు పెట్టిన నెల చందా ఇది. అందులో 18 శాతం జీఎస్టీ తీసేస్తే సుమారు 101 రూపాయలు మిగులుతాయి. ఈ వ్యాపారంలో రాబడిలో మూడింట రెండొంతుల దాకా ఆడియో కంపెనీలకు, రచయితలకు, స్వరకర్తలకు పోవడం పరిపాటి కనుక 67 రూపాయలు అటు వెళ్తాయి. శ్రోత యాప్ స్టోర్ ద్వారా కట్టాడనుకుంటే, 15 శాతం కమీషన్ కింద మరో 15 రూపాయలు పోతాయి. మిగిలిన 19 రూపాయల్లోనే సర్వర్లు, జీతాలు, ప్రచారం అన్నీ సర్దుకోవాలి. ఇది ఉజ్జాయింపు లెక్కే, ఒప్పందాన్ని బట్టి అంకెలు మారుతాయి. అయినా మీ సంస్థకు సంబంధించిన ఇలాంటి లెక్క చేతిలో లేకుండా కింది చికిత్సల్లో దేన్నీ మొదలుపెట్టవద్దు.

లక్షణం: చందాదారులతో పాటు నష్టమూ పెరుగుతోంది.

కారణం: సాఫ్ట్‌వేర్‌ను ఒకసారి తయారుచేసి ఎంతమందికైనా అమ్ముకోవచ్చు. పాటల యాప్‌కు ఆ వెసులుబాటు లేదు, ఎందుకంటే వచ్చే ప్రతి రూపాయిలో పదిన్నర అణాల పైచిలుకు ముందే హక్కుదారులది. దీనికి తోడు చాలా ఒప్పందాల్లో కనీస హామీ మొత్తం ఉంటుంది. పాటలు ఎంత విన్నా, ఎంత తక్కువ విన్నా ఆ సొమ్ము చెల్లించి తీరాలి. రేడియోకు ఉన్నట్టు, హక్కుదారులతో బేరం లేకుండా నిర్ణీత రుసుము కట్టి పాటలు వాడుకునే చట్టబద్ధమైన లైసెన్సుతో గట్టెక్కుదామనుకుంటే, కాపీరైట్ చట్టంలోని 31డి సెక్షన్ ఇంటర్నెట్ ప్రసారాలకు వర్తించదని బొంబాయి హైకోర్టు 2019లోనే టిప్స్ అనే ఆడియో కంపెనీకి, ఎయిర్‌టెల్ పాటల యాప్ వింక్‌కు మధ్య వివాదంలో తీర్పు చెప్పింది. కాబట్టి బేరం తప్ప మార్గం లేదు.

పరిష్కారం: ముందు ధర. అమెరికాలో స్పాటిఫై 2011 నుంచి 2023 జులై దాకా, అంటే పన్నెండేళ్లు, 9.99 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. ఆ తర్వాత 10.99కి, మరుసటి ఏడాది 11.99కి పెంచింది. భయపడినంతగా శ్రోతలు పారిపోలేదు, ఎందుకంటే ఏళ్ల తరబడి పేర్చుకున్న పాటల జాబితాలను వదిలి వెళ్లడం ఎవరికైనా కష్టమే. రెండోది, పాటకు పాటకు రాయల్టీ కట్టనక్కరలేని సరుకు. పాడ్‌కాస్టులు, ఆడియో పుస్తకాలు ఈ కోవలోనివి. అయితే ఇక్కడే జాగ్రత్త అవసరం. స్పాటిఫై 2019 నుంచి పాడ్‌కాస్టు సంస్థలను వరుసగా కొని, కొందరు వ్యాఖ్యాతలకు భారీ మొత్తాలిచ్చి, చివరికి 2023లో ఆ విభాగంలోనే కోతలు పెట్టుకుంది. రాయల్టీ తప్పించుకోవడానికి కొన్నది రాయల్టీ కంటే బరువైతే ప్రయోజనం ఏముంది?

అదే 2023 డిసెంబరులో ఆ సంస్థ తన సిబ్బందిలో 17 శాతాన్ని, సుమారు 1,500 మందిని తొలగించింది. 2024లో తొలిసారి పూర్తి ఏడాది లాభం చూపింది. దాని స్థూల లాభం (రాబడిలో హక్కుదారుల వాటా వంటి నేరు ఖర్చులు పోగా మిగిలేది) కూడా 26 శాతం దరిదాపుల నుంచి 30 శాతానికి చేరింది. కోతలే లాభం తెచ్చాయని తేల్చేయడం తొందరపాటు. అవి రోజువారీ పనిని అనుకున్నదానికంటే ఎక్కువ దెబ్బతీశాయని అప్పటి సీఈఓ డేనియల్ ఎక్ 2024 ఏప్రిల్‌లో స్వయంగా ఒప్పుకున్నారు.

లక్షణం: వినేవాళ్లు లక్షల్లో ఉన్నారు, కట్టేవాళ్లు వేలల్లో ఉన్నారు.

కారణం: ఉచిత సేవలో దాదాపు అన్నీ దొరుకుతున్నాయి, ప్రకటనల ధర మాత్రం మన దేశంలో తక్కువ. పైగా యూట్యూబ్ పక్కనే ఉంది. పరిష్కారం ఉచితాన్ని ఒక్కసారిగా మూసేయడం కాదని నా అభిప్రాయం. మన దేశపు పాటల యాప్ గానా 2022లో చందా ఉంటేనే పాట అన్న దారి పట్టింది. స్పాటిఫై 2023లో భారతీయ ఉచిత ఖాతాలకు పాటలను కోరుకున్న వరుసలో వినడం, పాటను ముందుకు వెనక్కు జరపడం వంటివి ఆపేసింది. రెండోదే మేలు, ఎందుకంటే శ్రోతను బయటికి పంపకుండానే అతనికి లోటు తెలిసేలా చేస్తుంది. నెలకొక్కసారి కట్టలేని వారికి ఒక్కరోజు, ఒక్కవారం ప్యాకులు ఉండాలి.

లక్షణం: చందాదారుడు అలగలేదు, రద్దు చేసుకోలేదు, అయినా నెల తిరిగేసరికి జాబితాలో లేడు.

కారణం: చెల్లింపు విఫలమైంది. ఈ సమస్యను సాంకేతిక విభాగం చిన్నదిగా చూస్తుంది కానీ, నా దృష్టిలో దీనికన్నా చవకగా నయమయ్యే జబ్బు మరొకటి లేదు. ఆటోమేటిక్ చెల్లింపులపై రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు 2021 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చాక కార్డు నుంచి నెలనెలా సొమ్ము తీసుకునేందుకు శ్రోతలు ముందే ఇచ్చిన ఆదేశాలు ఎన్నో పనిచేయలేదు. ఇప్పుడైనా తేదీ ముఖ్యం. విజయవాడలో ఒకటో తారీఖున జీతం పడే ఉద్యోగి ఖాతాలో 28న వంద రూపాయలు కూడా ఉండకపోవచ్చు, మన యాప్ అదే రోజు అడిగి, లేదనిపించుకుని, ఆ ఖాతాను ఉచిత సేవలోకి దించేస్తుంది.

పరిష్కారం: యూపీఐ ఆటోపేను ముందుంచండి. విఫలమైన చెల్లింపును జీతాల రోజు దాటాక మళ్లీ ప్రయత్నించండి. ఆ మధ్య అయిదారు రోజులు పాట ఆపకండి.

లక్షణం: తెలుగు శ్రోత పాట వెతికి, దొరక్క, వెళ్లిపోతున్నాడు.

కారణం చిన్నది, నష్టం పెద్దది. ‘వెన్నెల’ను ఇంగ్లీషు అక్షరాల్లో ఒకరు ఒక ఎన్‌తో, మరొకరు రెండు ఎన్‌లతో, ఇంకొకరు చివర ఏ బదులు ఇతో రాస్తారు. పాట పేరు తెలియనివాళ్లు హీరో పేరుతోనో, పల్లవిలో మొదటి రెండు మాటలతోనో వెతుకుతారు. పరిష్కారం ఒక్కటే: ఆదిత్య, లహరి వంటి ఆడియో కంపెనీలు పంపిన వివరాలను ఉన్నవున్నట్టు ఎక్కించకుండా, సినిమా, నటులు, స్వరకర్త, రచయిత, పల్లవి తెలుగు లిపిలోనూ నమోదు చేయించి, అక్షర భేదాలను సహించే వెతుకులాటను అమర్చడం. ఇందుకు ఒక చిన్న బృందం చాలు.

లక్షణం: పై చికిత్సలన్నీ చేసినా లెక్క కుదరడం లేదు.

కారణం: ఆ యాప్ వేరొక వ్యాపారానికి తాయిలంగా పుట్టి ఉండవచ్చు. సిమ్ కార్డుతో ఉచితంగా వచ్చే పాటలకు టెలికాం సంస్థ తలకు ఇంత అని అసలు ధర చెల్లిస్తోందో లేదో ముందు చూడండి, చెల్లించకపోతే ఆ ఒప్పందాన్ని తిరగరాయించండి. అదీ సాధ్యం కాకుంటే, సొంత యాప్ మూసి మరొకరి సేవను తన కస్టమర్లకు అందించడమూ ఒక దారే. ఎయిర్‌టెల్ 2024లో వింక్ మ్యూజిక్‌ను మూసేస్తూ యాపిల్ మ్యూజిక్‌తో చేయి కలిపింది.