చేతిలో పైసా లేకుండా సొంత షాపు దాకా: నైజీరియా ఇగ్బోల పద్ధతి ఎలా నడుస్తుంది, మన షాపుల్లో ఎలా పెట్టుకోవచ్చు

పెట్టుబడి లేదు కాబట్టి వ్యాపారం మనవల్ల కాదు అనేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు, అలాంటివాళ్ళు కనిపిస్తే నేను చెప్పేది నైజీరియాలో ఇగ్బో అనే జాతివాళ్ళ సంగతి. వీళ్ళది ఆ దేశానికి ఆగ్నేయం వైపు, ఒనిచా, న్నేవీ, ఆబా లాంటి ఊళ్ళు, కానీ లాగోస్ నుంచి చైనాలో గ్వాంగ్‌జౌ దాకా ఎక్కడ పెద్ద మార్కెట్ ఉంటే అక్కడ కనపడతారు. వీళ్ళ షాపు ఓనర్లలో చాలామంది చిన్నప్పుడు ఒక బట్టల సంచితో ఇల్లు వదిలి ఇంకొకరి షాపులో పనికి చేరినవాళ్ళే. అయిదారేళ్ళు, ఒక్కోసారి ఏడేళ్ళు అక్కడే ఉండి పని నేర్చుకుంటారు, జీతం ఉండదు, తిండీ పడుకోడానికి చోటూ ఓనరే చూస్తాడు, గడువు అయిపోయిన రోజున ఆ ఓనరే సరుకు ఇచ్చి, షాపు అద్దె కట్టి, ఇంకొంత డబ్బు చేతిలో పెట్టి పంపిస్తాడు. దాన్ని వాళ్ళు సెటిల్ చేయడం అంటారు. ఓనర్ని ఓగా అంటారు, కుర్రాణ్ణి న్వా బోయ్ లేదా ఉత్త బోయ్ అంటారు, ఈ మొత్తం పద్ధతి పేరు ఇగ్బా బోయ్.

ఇది ఎంత గట్టిదో తెలియాలంటే యుద్ధం సంగతి తెలియాలి. ఇగ్బోలు ఎక్కువగా ఉండే ఆగ్నేయం వైపు బయాఫ్రా పేరుతో వేరే దేశం అవుతామంటే 1967 జులై నుంచి 1970 జనవరి దాకా నైజీరియాతో యుద్ధం జరిగింది, లక్షల మంది పోయారు, అందులో ఎక్కువమంది ఆకలితోనే. అయిపోయాక బ్యాంకు అకౌంట్లో అంతకుముందు ఎంత ఉన్నా సరే మనిషికి 20 పౌండ్లు ఇచ్చి ప్రభుత్వం చేతులు దులిపేసుకుంది. ఒనిచా పెద్ద మార్కెట్ ధ్వంసం అయిపోయింది, పోర్ట్ హార్కోర్ట్‌లో చాలామంది ఇళ్ళు వేరేవాళ్ళ చేతికి పోయాయి. 1972లో విదేశీ కంపెనీల వాటాలు నైజీరియన్లకి అమ్మాలని చట్టం వస్తే కొనడానికి వీళ్ళ దగ్గర డబ్బెక్కడిది. అలాంటి చోట నుంచి ఒక తరం తిరక్కముందే స్పేర్ పార్ట్స్, ఎలక్ట్రానిక్స్, చెప్పులు, బట్టలు ఇన్ని మార్కెట్లలో మళ్ళీ నిలబడ్డారంటే బ్యాంకు లోన్లతో కాదు, కాస్త ముందు కాలు నిలదొక్కుకున్నవాడు ఇంకొక కుర్రాణ్ణి తెచ్చుకుని పని నేర్పి సెటిల్ చేయడం, వాడు మళ్ళీ ఇద్దర్ని తెచ్చుకోవడం, ఇలాగే. తోడబుట్టినవాణ్ణి వెనక వదిలి పోకూడదని వాళ్ళలో ఒక మాట ఉంది, వాళ్ళు దాన్ని షాపు నడిపే రూలుగా పెట్టుకున్నారు.

సరే, ఇప్పుడు అసలు పని ఎలా జరుగుతుందో చూద్దాం, మీరు నేర్చుకునేవాళ్ళయినా నేర్పేవాళ్ళయినా.

మొదట ఓగాని ఎంచుకోవడం

ఇక్కడే సగం అయిపోతుంది. ఏ వ్యాపారం అన్నది కూడా తర్వాతి ప్రశ్నే, ఎవరి దగ్గర అన్నది ముందు. ఇగ్బోల్లో పెద్దవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, ఇతను ఇప్పటిదాకా ఎంతమందిని సెటిల్ చేశాడు? షాపు ఎంత పెద్దది, కారు ఏంటి అని కాదు. సెటిల్ అయిన కుర్రాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారు, వాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చుని అడగండి, ఆఖరి ఏడాది ఎలా గడిచింది అని. ఎందుకు ఆఖరి ఏడాది అంటే తర్వాత చెప్తాను.

తర్వాత రెండు కుటుంబాలూ కూర్చుంటాయి, ఊరి పెద్దలో బంధువులో సాక్షులుగా ఉంటారు. ఎన్నేళ్ళు, ఏం నేర్పాలి, మధ్యలో జబ్బు చేస్తే ఎవరు చూడాలి, చివర్లో ఏం ఇవ్వాలి ఇవన్నీ మాట్లాడుకుంటారు. వెనక నోటిమాట మీదే నడిచేది, ఇప్పుడు చాలామంది కాగితం రాసుకుంటున్నారు, రాసుకోవడమే మంచిది.

మొదటి ఏడాది అసలు వ్యాపారమే ఉండదు

షాపు తెరవడం, ఊడవడం, డబ్బాలు మోయడం, ఓగా ఇంట్లో నీళ్ళు పట్టడం, ఇదే పని. చదివేవాళ్ళకి ఇది వెట్టిచాకిరీలా అనిపించొచ్చు, చెడ్డ ఓగా చేతిలో నిజంగానే అలా అవుతుంది కూడా, అందుకే ఎంపిక గురించి అంత చెప్పాను. కానీ మంచి చోట ఈ ఏడాదిలో రెండు జరుగుతాయి. ఒకటి, కుర్రాడికి సరుకు పేర్లు నోటికి వచ్చేస్తాయి, స్పేర్ పార్ట్స్ షాపులో అయితే ఏ బండికి ఏ బేరింగ్, ఒరిజినల్‌కీ డూప్లికేట్‌కీ తేడా బరువులో ఎలా తెలుస్తుంది, ఇవి పుస్తకంలో దొరకవు, మోస్తేనే తెలుస్తాయి. రెండోది, ఓగా చూస్తూ ఉంటాడు, డబ్బు బల్ల మీద వదిలేసి వెళ్తాడు, లెక్కకంటే ఎక్కువ ఇచ్చి పంపిస్తాడు, తిరిగి తెస్తాడా లేదా అని. వ్యాపారంలో అన్నిటికంటే ఖరీదైన సరుకు నమ్మకం, దాన్నే ముందు తూకం వేస్తారు.

రెండో ఏడాది నుంచి అమ్మకం

ఇక్కడ ఒక్క విషయం దగ్గరగా చూపిస్తాను. నేను లాగోస్‌లో పనిచేసేటప్పుడు కంపెనీ వాహనాల పార్ట్స్ కోసం లాడిపో మార్కెట్‌కి వెళ్ళేవాణ్ణి, ముషిన్ వైపు ఉంటుంది, ఎటు చూసినా ఇంజన్లు, గేర్‌బాక్సులు, నూనె మరకల నేల. ఒక ఆల్టర్నేటర్ కావాలని అడిగితే షాపులో ఉన్న కుర్రాడు ఉంది సార్ కూర్చోండి అని స్టూల్ జరిపి, పక్క సందులోకి పరుగెత్తాడు. వాళ్ళ షాపులో ఆ మోడల్ లేదు. రెండు వరసల అవతల ఇంకో షాపు దగ్గర ఆగి, అక్కడి కుర్రాడితో ఒక్క మాట అన్నాడు, వాడు డబ్బా తీసి ఇచ్చి నోట్‌బుక్‌లో రాసుకున్నాడు, పైసా చేతులు మారలేదు. వెనక్కి వచ్చి నాకు ధర చెప్పాడు, బేరం అయ్యింది, ఆ తేడా వాళ్ళ షాపుకి, అసలు ధర సాయంత్రం ఆ షాపుకి చేరుతుంది. దీన్ని ఓసో అహియా అంటారు, షాపు లేనివాడు కూడా దీంతోనే మొదలుపెట్టొచ్చు. గమనించండి, ఇది జరగాలంటే మార్కెట్ మొత్తంలో ఆ కుర్రాడి మాటకి విలువ ఉండాలి, సాయంత్రం డబ్బు చేరకపోతే రేపు ఏ షాపూ డబ్బా ఇవ్వదు. కస్టమర్ని లేదు అని చెప్పి పంపించకపోవడం, పక్క షాపుని శత్రువుగా కాకుండా గోడౌన్‌గా చూడటం, ఈ రెండూ ఏ ఊళ్ళో అయినా రేపటినుంచే చేయొచ్చు.

బేరం ఆడటం కూడా ఇప్పుడే నేర్చుకుంటాడు. రాత్రి షాపు మూశాక ఓగాతో కూర్చుని రోజు లెక్క అప్పజెప్పాలి, ఏది ఎంతకి పోయింది, ఏది ఎందుకు పోలేదు. ఈ రాత్రి లెక్క మానేసిన షాపులో కుర్రాడు ఎన్నేళ్ళు ఉన్నా అమ్మేవాడే అవుతాడు గానీ ఓనర్ అవ్వడు.

చివరి రెండేళ్ళలో కొనుగోలు చేతికి రావాలి, సరుకు ఎక్కడ నుంచి వస్తుంది, ఏజెంట్ ఎవరు, ఎంత అప్పు ఇస్తాడు. కొంతమంది ఓగాలు బ్రాంచి పెట్టి అప్పజెప్పేస్తారు కూడా. మీ యజమాని సప్లయర్ పేరు కూడా తెలియనివ్వట్లేదంటే అది మీకు సిగ్నల్, పని నేర్పే ఉద్దేశం లేదు.

ఎక్కడ తెగిపోతుంది

ఆఖరి ఏడాది. ఇప్పటిదాకా బాగానే చూసుకున్న ఓగా, సెటిల్ చేసే టైం దగ్గర పడగానే దొంగతనం అంటగట్టి వెళ్ళగొట్టడం, ఇది అక్కడ అందరికీ తెలిసిన బాధ. అటువైపు కుర్రాళ్ళు కూడా చివర్లో సరుకు పక్కదారి పట్టించి సొంత మూటకట్టుకోవడం ఉంది. రెంటికీ మందు ఒకటే, రోజూ లెక్క పుస్తకంలో ఇద్దరి సంతకం. ప్రతి నెలాఖరుకి సరుకు లెక్కపెట్టి దాని కింద కూడా సంతకం. అయిదేళ్ళ పుస్తకాలు ఉంటే ఆఖరి నెలలో ఎవరూ కథ అల్లలేరు.

ఇంకొకటి డబ్బు విలువ. చేరేటప్పుడు ఇన్ని నైరాలు, అంటే అక్కడి డబ్బు, ఇస్తాను అని మాట అనుకున్నారు అనుకోండి, 2023 జూన్‌కి ముందు డాలర్‌కి దాదాపు 460 నైరాలు ఉండేది 2024లో 1500 దాటిపోయింది, దిగుమతి సరుకు మీద బతికే షాపుకి అప్పుడు అనుకున్న మొత్తంతో ఒక అల్మారా కూడా నిండదు. కాబట్టి సెటిల్‌మెంట్ డబ్బు లెక్కలో కాదు సరుకు లెక్కలో రాసుకోవాలి, ఫలానా రకం ఇన్ని డబ్బాలు, ఫలానా సైజు షాపుకి ఏడాది అద్దె, ఇలా.

చిన్నపిల్లల్ని చదువు మాన్పించి పంపించడం, ఆడపిల్లలకి ఈ దారి పెద్దగా తెరవకపోవడం, ఈ రెండూ ఈ పద్ధతిలో నాకు నచ్చని విషయాలు, వాటిని మనం తెచ్చుకోనక్కర్లేదు.

తక్కువ వచ్చినా ఏమవుతుంది

కాస్మస్ మదుకా అని ఆటోమొబైల్ వ్యాపారంలో అక్కడ పెద్ద పేరు. నాలుగేళ్ళప్పుడు తండ్రి పోయాడు, చిన్నతనంలో అకారా అమ్మాడు, అంటే అలసందలు రుబ్బి నూనెలో వేసేవి, మన అలసంద గారెలే అనుకోండి. లాగోస్‌లో మేనమామ స్పేర్ పార్ట్స్ షాపులో పనికి చేరి ఆ షాపులోనే పడుకునేవాడు. చివరికి చేతికి వచ్చింది 200 నైరాలు. అన్నతో కలిసి ఒకటి, స్నేహితుడితో కలిసి ఇంకొకటి పెట్టి, అవి విడిపోయాక భార్య పేరూ తన పేరూ కలిపి కాస్చారిస్ మొదలుపెట్టాడు, ఆ కంపెనీ బీఎండబ్ల్యూ కార్లు అమ్మేదాకా వెళ్ళింది. ఆయన సంగతిలో నేను చూసేది కార్లు కాదు, 200 ఇచ్చి పంపినా ఆ షాపులో గడిపిన ఏళ్ళలో ఏ పార్ట్ ఎక్కడ దొరుకుతుందో తెలిసింది, దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేకపోయారు. న్నేవీలో ఇన్నొసెంట్ చుక్వుమా కూడా మోటార్ సైకిల్ స్పేర్ పార్ట్స్ దగ్గర పని నేర్చుకున్నవాడే, 2010లో ఆయన ఇన్నోసన్ వాహనాల ఫ్యాక్టరీ అదే ఊళ్ళో ప్రారంభం అయ్యింది.

వీళ్ళు పైకి వచ్చినవాళ్ళు కాబట్టి పేర్లు తెలుసు. పేరు తెలియనివాళ్ళు ఇంకా ఎక్కువ. 2019 అక్టోబర్‌లో ఒనిచాలో పెట్రోల్ ట్యాంకర్ బోల్తాపడి మంటలు ఒచంజా మార్కెట్ వైపు పాకి ఎన్నో షాపులు బూడిదయ్యాయి. 2023 మొదట్లో పాత నోట్లు వెనక్కి తీసుకుని కొత్తవి చాలినన్ని ఇవ్వక దేశమంతా చేతిలో నోటు లేక అల్లాడింది. ఇలాంటప్పుడు చిన్న వ్యాపారిని నిలబెట్టేవి మూడు: ఇసుసు, అంటే నెలనెలా అందరూ వేసి ఒకరు ఎత్తుకునే చీటీ, సరుకు అప్పు ఇచ్చే పాత ఓగా, తను సెటిల్ చేసిన కుర్రాళ్ళు. మీరు ఇప్పుడు షాపు నడుపుతుంటే రేపు మొత్తం పోతే సరుకు అప్పు ఇచ్చే ముగ్గురి పేర్లు కాగితం మీద రాసి చూడండి. రాయలేకపోతే ఈ నెల పని అదే, అమ్మకాలు పెంచడం తర్వాత.

మన షాపులో పెట్టుకోవాలంటే

ముందు చట్టం. 14 లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం, నా మాట అయితే 18 నిండినవాళ్ళనే తీసుకోండి, అబ్బాయిలనీ అమ్మాయిలనీ. జీతం లేకుండా అన్నది ఇక్కడ కుదరదు, కుదరకూడదు కూడా, కనీస వేతనం నెలనెలా ఇవ్వాల్సిందే. సెటిల్‌మెంట్ దానికి అదనం.

దాన్ని రెండు ముక్కలు చేయండి. ఒకటి, కుర్రాడి పేరు మీద బ్యాంకులో ఆర్‌డీ, నెలకి 3000 వేసినా అయిదేళ్ళకి అసలే 1,80,000 అవుతుంది, వడ్డీ వేరే, మధ్యలో మానేసి వెళ్ళినా ఆ డబ్బు వాడిదే. రెండోది గడువు పూర్తి చేస్తేనే వచ్చేది, కొన్న ధరకి లెక్కకట్టిన సరుకూ ఏడాది అద్దే. ఇలా చేస్తే కుర్రాడికి భరోసా, యజమానికి వాడు నిలబడతాడన్న ధైర్యం. స్టాంపు పేపరు మీద రాసుకుని రెండు కుటుంబాల నుంచీ సాక్షి సంతకాలు పెట్టించండి, ఏ ఏడాది ఏం నేర్పాలో కూడా అందులోనే రాయండి: మొదటి ఏడాది సరుకు, రెండు మూడు అమ్మకం, నాలుగు కొనుగోలు, అయిదు బ్రాంచి లేదా ఒక కౌంటర్ మొత్తం.

వాడు రేపు పక్కనే షాపు పెట్టి నాకే పోటీ వస్తాడు కదా అని ఓనర్లందరూ అడుగుతారు. లాగోస్‌లోని అలాబా ఎలక్ట్రానిక్స్ మార్కెట్లో, న్నేవీలో ఒకే సరుకు అమ్మే షాపులు వరసగా ఉండటం వల్లే దూరం ఊళ్ళ నుంచి కొనేవాళ్ళు అక్కడికే వస్తున్నారు. పైగా మీ కుర్రాడు మొదటి రెండేళ్ళు సరుకు మీ దగ్గరే కొంటాడు, ఎందుకంటే అప్పు ఇచ్చేది మీరే. కావాలంటే ఆ రెండేళ్ళ కొనుగోలు సంగతి కాగితంలో రాసుకోండి, ధర మాత్రం బయట హోల్‌సేల్ ధరకి మించకూడదు అని పక్కనే రాయండి.

కొత్తగా షాపు పెట్టినవాళ్ళకి: మొదటి ఏడాది గల్లాపెట్టెలోంచి ఇంటికి డబ్బు తీసుకెళ్ళొద్దు, మీకు మీరే ఒక జీతం పెట్టుకుని నెలకి ఒకసారే తీసుకోండి, పెళ్ళిళ్ళకీ పండగలకీ కూడా అందులోంచే.