పుస్తకాలంటే బద్ధకించేవారు సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ నవలలు చదవడం ఎలా?

పుస్తకం చేతిలోకి తీసుకున్న పది నిమిషాలకే కునికిపాట్లు పడే మనిషిని నేను. అటువంటి నేను ఈ కోవ నవలలకు అలవాటుపడి, నాలాంటి బద్ధకస్తులు కొందరి చేత కూడా చదివించాను. సగంలో వదిలేసినవారిలో ఎక్కువమంది కథ నచ్చక వదిలినవారు కారు, మొదటి యాభై పేజీలను చదవకూడని పద్ధతిలో చదివినవారు.

కావలసినవి ఒక నవల, ఒక పెన్సిలు, రోజుకు అరగంట. అచ్చు పుస్తకమే కావాలి. తెరమీద చదివితే ప్రతి కొత్త మాట మీదా వేలు పెట్టి అర్థం వెతకబుద్ధి అవుతుంది, ఆ వేలే కొంప ముంచుతుంది.

మొదటి నవల రెండు మూడు వందల పేజీలు దాటకూడదు, కథ ఆ ఒక్క పుస్తకంతోనే ముగియాలి. ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’తోనే మొదలుపెట్టాలని పట్టుబట్టేవారి మాట వినకండి; 1954, 1955లలో మూడు సంపుటాలుగా వెలువడిన ఆ నవలకు ముందు, 1937లోనే, టోల్కీన్ ‘ది హాబిట్’ అనే చిన్న నవలను పాఠకులకు ఇచ్చి ఉన్నాడు. సైన్స్ ఫిక్షన్‌లోనైతే హెచ్.జి. వెల్స్ 1895లో ప్రచురించిన ‘ది టైమ్ మెషీన్’ చాలు. 8,02,701వ సంవత్సరానికి వెళ్లివచ్చినవాడే తన అతిథులకు అంతా వివరిస్తాడు కాబట్టి పాఠకుడు ఎక్కడా తడుముకోనవసరం లేదు.

తరువాతి నవలలు అలా వివరించవు, అసలు చిక్కు అక్కడే ఉంది. మామూలు నవలలో తెలియని మాట తగిలితే అది మనకు మాత్రమే తెలియని మాట కావచ్చు. ఇక్కడ ఆ మాటను రచయిత అప్పుడే పుట్టించాడు కనుక, మొదటిసారి చదివే ఎవరికీ అది తెలియదు. ఉదాహరణకు నేనే ఒక వాక్యం కల్పిస్తాను: ‘మూడో చంద్రుడు పొడిచేలోగా ఆమె కోట చేరాలి, ఆ తరువాత వెరణాలను లోపలికి రానివ్వరు.’ బద్ధకస్తుడు ‘వెరణం’ దగ్గర ఆగిపోయి, పుస్తకం చివర పదకోశం ఉందేమోనని పేజీలు తిప్పుతాడు. ఆ లోకానికి కనీసం ముగ్గురు చంద్రులున్నారనీ, కోట తలుపులు వాటి ఉదయాన్ని బట్టి మూస్తారనీ, ఆమె వెంట వెరణమో, వెరణాలో ఉన్నాయనీ అదే వాక్యం చెప్పిన సంగతి అతని కంట పడదు. మీరు ఆ మాట పక్కన మార్జిన్‌లో ఒక చుక్క పెట్టి ముందుకు సాగండి. పది పేజీల తరువాత వెరణం గడ్డి ముట్టలేదని రాసి ఉంటే, అది జంతువని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.

ఫ్రాంక్ హెర్బర్ట్ 1965 నాటి ‘డ్యూన్’ చివర పదకోశం ఉంది. నేను దాన్ని పరీక్షకు చదివినట్టు రెండు రోజులు చదివి, అలిసిపోయి, మొదటి అధ్యాయంలోనే నవలను మూసేశాను. అందుకే పదకోశం, మ్యాపు, వంశవృక్షం మొదటి యాభై పేజీలలో ముట్టుకోకూడదని నా నియమం.

అయితే ఒక తేడా గుర్తించాలి. వస్తువు పేరు తెలియకపోతే ముందుకు వెళ్లండి. మాట్లాడుతున్నది ఎవరో, అతనికి కావలసినది ఏమిటో తెలియకపోతే మాత్రం ఆ సన్నివేశం మొదటికి వెనక్కి వెళ్లండి. ఆ తికమకకు కారణం కొత్త మాటలు కావు, మీ పరధ్యానం. ఈ యాభై పేజీలను మూడు రోజులలోపు ముగించండి. వారం విరామమిస్తే ఊహించి కట్టుకున్న లోకమంతా చెదిరిపోయి, మళ్లీ మొదటి పేజీకి రావలసి వస్తుంది.

ముందు సినిమా చూస్తే సులువవుతుందనేవారూ ఉన్నారు. సినిమా వెరణాన్ని ఒక్క క్షణంలో చూపించేస్తుంది కాబట్టి పది పేజీలపాటు ఊహించే సరదా పోతుంది, నన్ను ఈ నవలలకు కట్టిపడేసిందే ఆ సరదా. సినిమా తరువాత చూసుకోవచ్చు.

యాభయ్యో పేజీ దాటాక రబ్బరు తీసుకొని వెనక్కి వచ్చి, ఇప్పుడు అర్థమవుతున్న మాటల పక్కన ఉన్న చుక్కలను చెరిపివేయండి. సగానికి మించి చుక్కలు మిగిలితే ఆ పుస్తకాన్ని మొహమాటపడకుండా మరొకరికి ఇచ్చేసి, ఇంకొకటి మొదలుపెట్టండి.