మ్యూస్కోర్‌లో తెలుగు పాట: చిక్కులు, పరిష్కారాలు

కడపలో చర్చి గాయక బృందానికో, బడి బ్యాండుకో, వయొలిన్ నేర్చుకునే పిల్లలకో స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) రాసిపెట్టే మాస్టారు సిబేలియస్, డోరికో లాంటి నొటేషన్ ప్రోగ్రాంలు కొనుక్కోవాల్సిన పనిలేదు. కంప్యూటర్లో నొటేషన్ రాసుకోవడానికి ఉచితంగా దొరికే మ్యూస్కోర్ ప్రోగ్రాం చాలు. చిన్న చిక్కు రాగానే దాన్ని వదిలేసేవారిని చూస్తే బాధగా ఉంటుంది.

సమస్య: డౌన్‌లోడ్ చేయబోతే డబ్బు అడుగుతోంది.
కారణం: మీరు వెళ్లింది మ్యూస్కోర్ డాట్ కామ్‌కు. అది నొటేషన్లు పంచుకునే చోటు, చందా ఉంటుంది.
పరిష్కారం: ప్రోగ్రాం మ్యూస్కోర్ డాట్ ఆర్గ్‌లో ఉచితం.

సమస్య: స్వరాల కింద సాహిత్యం అతికిస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు వస్తున్నాయి, లేదా డబ్బాలు కనిపిస్తున్నాయి.
కారణం: ఇవి రెండు వేర్వేరు జబ్బులు. డీటీపీ షాపులో అను ఫాంటుతో కొట్టించిన పాట యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే అక్షరాల పద్ధతి) కాదు. అందుకే ఇంగ్లిష్ అక్షరాలు. డబ్బాలు వస్తే మాత్రం ఎంచుకున్న ఫాంటులో తెలుగు లేదన్నమాట.
పరిష్కారం: మొదటిదానికి పాటను యూనికోడ్‌లోకి మార్చుకోండి. రెండోదానికి ఫార్మాట్, స్టైల్, టెక్స్ట్ స్టైల్స్‌లోకి వెళ్లి లిరిక్స్ ఆడ్ లైన్స్ (బేసి వరుసలు), ఈవెన్ లైన్స్ (సరి వరుసలు) రెండింటికీ నోటో సాన్స్ తెలుగు ఫాంటు పెట్టండి. ఒక్కదానికే పెడితే రెండో చరణం మళ్లీ పాడవుతుంది.

పదాన్ని విడగొట్టడంలోనూ జాగ్రత్త కావాలి. కంట్రోల్ ఎల్ నొక్కి సాహిత్యం రాసేటప్పుడు హైఫన్ కొడితే పదంలోని తర్వాతి అక్షరం తర్వాతి స్వరం కిందికి వెళ్తుంది. "భక్తి"ని "భక్-తి" అని విరిస్తే పొల్లు బయటపడుతుంది. "భ-క్తి" అని రాయండి, పిల్లలు తడుముకోకుండా చదువుతారు. అన్నమయ్య కీర్తన నేర్పేవారు రెండో చరణం వరుసలో స, రి, గ, మ రాసుకుంటే స్టాఫ్ రానివారికీ పనికొస్తుంది. గమకాన్ని మాత్రం పాడి చూపించాల్సిందే.

సమస్య: ఇంట్లో చేసిన ఫైలు బడి కంప్యూటర్‌లో తెరుచుకోవడం లేదు.
కారణం: ఇంట్లో మ్యూస్కోర్ 4, బడిలో మ్యూస్కోర్ 3 ఉన్నాయి. కొత్తదాని ఫైలును పాతది చదవదు.
పరిష్కారం: 4లో మ్యూజిక్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా ఎగుమతి చేసి తీసుకెళ్లండి. వేర్వేరు నొటేషన్ ప్రోగ్రాంలు చదవగలిగే ఫైలు రూపం అది.

సమస్య: ఫినాలే అనే మరో నొటేషన్ ప్రోగ్రాంలో చేసిన పాత ఫైళ్లు మ్యూస్కోర్‌లో తెరుచుకోవడం లేదు.
కారణం: ఫినాలే ఫైలు రూపం దాని సొంతం. పైగా 2024 ఆగస్టులో దాని తయారీదారులే ఆ ప్రోగ్రాం అభివృద్ధి ఆపేస్తున్నట్టు ప్రకటించారు.
పరిష్కారం: ఫినాలే ఉన్న కంప్యూటర్ పనిచేస్తుండగానే ప్రతి పాటనూ మ్యూజిక్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా మార్చుకోండి, వాయిదా వేయకండి. పక్కనే పీడీఎఫ్ కూడా తీసి ఉంచండి. మ్యూస్కోర్‌లో తెరిచాక స్లర్లు (స్వరాలను కలిపే వంపు గీతలు), అక్షరాలు పక్కకు జరిగితే ఆ పీడీఎఫ్ చూసి సరిచేసుకోవచ్చు.